నీళ్లు తగ్గితే పత్రరంధ్రాలు ఎలా మూసుకుంటాయి? అందులో కైనేజ్ పనేంటి?

నేల ఎండితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. దానికీ కైనేజ్‌కీ సంబంధమేంటన్నది ప్రశ్న. కైనేజ్ అంటే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కి తగిలించే ఎంజైమ్, అంతే.

తమాషా ఏంటంటే, ఈ హార్మోన్ కైనేజ్‌ని నేరుగా తట్టి లేపదు. మామూలు రోజుల్లో ఓఎస్‌టీ1 అనే కైనేజ్‌ని పీపీ2సీ అనే ఫాస్ఫటేజ్ అణచి ఉంచుతుంది, దాని మీది ఫాస్ఫేట్‌ని ఊడదీస్తూ. హార్మోన్ వచ్చి రిసెప్టర్‌లో (హార్మోన్‌ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్‌లో) కూర్చోగానే ఆ రిసెప్టర్ వెళ్లి ఫాస్ఫటేజ్‌నే పట్టేసుకుంటుంది. కాపలావాడు ఇరుక్కుపోయాడు, ఇక కైనేజ్‌కి అడ్డు లేదు. (ఈ రిసెప్టర్ల సంగతి 2009లో గానీ తేలలేదు.)

అప్పుడు రంధ్రానికి రెండు పక్కలా ఉన్న రక్షక కణాల్లో ఓఎస్‌టీ1 పని మొదలవుతుంది. కణం పొరలో దారిలా ఉండే ఎస్‌ఎల్‌ఏసీ1 అనే ఛానెల్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఛానెల్ తెరుచుకుని క్లోరైడ్ లాంటి రుణ అయాన్లు బయటికి పోతాయి, వెనకే పొటాషియం, దాని వెంటే నీళ్లు. గాలి తీసిన ట్యూబులా కణాలు మెత్తబడతాయి, రంధ్రం మూసుకుంటుంది.

ఓఎస్‌టీ1 జన్యువు పాడైన అరబిడోప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మొక్కల్లో హార్మోన్ ఉన్నా రంధ్రాలు సరిగా మూసుకోవు. ఆ మొక్కలు త్వరగా వాడిపోతాయి.