ఒంటిగది తీసుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి సుమేధకు అత్తయ్య ఆశీస్సులు.

హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైందనీ, హాస్టలు వద్దని కూకట్‌పల్లిలో ఒంటిగది తీసుకొని నువ్వే వండుకు తింటానంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నాకు ముందు గర్వం కలిగింది, దాని వెనకే భయమూ వచ్చింది. హాస్టలు భోజనశాలలోని రొదకూ ట్యూబులైట్ల వెలుగుకూ నువ్వెంత అలసిపోతావో తెలిసినదాన్ని కనుక, ఒంటిగది నిర్ణయం సరైనదేనని ఆమెకు నచ్చజెప్పాను. నీకు ఆటిజం, ఏడీహెచ్‌డీ (మనసు నిలపడం, పని మొదలుపెట్టడం కష్టమయ్యే స్థితి) రెండూ ఉన్నాయని డాక్టరు రిపోర్టులో ఉంది కనుక, ఇక నీకు చెప్పవలసినవి ఉన్నాయి.

అద్దె ఒప్పందం చదివి సంతకం పెట్టు. తాళంచెవి నకలు ఒకటి నమ్మకమైనవారి దగ్గర ఉంచు. అద్దె, కరెంటు బిల్లు, ఫోను బిల్లు బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే చెల్లిపోయే ఏర్పాటు మొదటి వారంలోనే చేసుకో.

ఇంట్లో ఇన్నాళ్ళూ నీ పనులు నువ్వే చేసుకున్నావు, నిజమే. కాని ప్రతి పనికీ మొదటి కదలిక బయటినుంచే వచ్చింది. ‘నీళ్ళు కాగాయి, లేవవే’ అని మీ అమ్మ కేకేసేది, మీ నాన్న బండి తీస్తూ హారన్ కొట్టేవాడు, కుక్కర్ కూత వినబడితే టైమెంతయిందో నీకు తెలిసేది. ఆ గదిలో ఆ చప్పుళ్ళేవీ ఉండవు. పోయిన సంక్రాంతికి ఇక్కడికి వచ్చినప్పుడు నువ్వు తువ్వాలు భుజాన వేసుకొని, మంచం అంచున కూర్చొని, పొద్దెక్కేదాకా స్నానానికి లేవలేకపోవడం నేను వంటింటి గుమ్మం నుంచి చూశాను. చేతిలో ఫోను లేదు, కంటిమీద నిద్రా లేదు. లోలోపల నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావని ముఖం చూస్తేనే తెలిసింది. బద్ధకస్థుడైతే ఆ సమయమంతా హాయిగా విశ్రాంతి తీసుకొని ఉండేవాడు, నువ్వేమో ఇల్లంతా కడిగినదానిలా అలసిపోయి లేచావు. స్నానం ఇతరులకు ఒక్క పని. నీకు అది బట్టలు వెతకడం, సాగుతున్న ఆలోచనను తెంచుకోవడం, పొడి ఒంటిమీద తడిని భరించడం, మళ్ళీ తడి నుంచి పొడికి రావడం అనే వేరువేరు పనులు. వాటిలో ఏది ముందో ఏది వెనకో మెదడు వరుస కట్టి ఇవ్వదు. అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ ఏడీహెచ్‌డీ గురించి ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే: ఏం చేయాలో వీరికి తెలుసు, తెలిసినదాన్ని వేళకు చేయడం దగ్గరే చిక్కు వస్తుంది. కనుక ఇంకాస్త గట్టిగా అనుకుంటే చేసేస్తానన్న ఆశను కాకినాడ స్టేషన్లోనే వదిలి రైలెక్కు. రాత్రే బట్టలు బాత్‌రూమ్ తలుపుకు తగిలించు, పొద్దున మీ అమ్మకు ఫోను చేసి, మంచం మీంచి లేచాకే పెట్టేయి.

ఇప్పుడు మీ మామయ్య సంగతి రాయాలి. ఆయన ఫిజిక్సు పాఠం మొదలుపెడితే పక్క సెక్షను పిల్లలు కూడా వచ్చి గోడవారన నిలబడేవారు. అటువంటి మనిషికి కవరు విప్పడం కొండంత పని. ఆయనను ఏ డాక్టరూ పరీక్షించలేదు కనుక నేను పేరు పెట్టను గాని, నీ రిపోర్టు చదువుతున్నంతసేపూ నాకు ఆయనే కనబడ్డారు. ఒక ఏడాది జీవిత బీమా ప్రీమియం కట్టవలసి వచ్చింది. ఖాతాలో డబ్బుంది, నోటీసు బల్లమీదే ఉంది, బీమా ఆఫీసు కాలేజీకి వెళ్ళే దారిలోనే ఉంది. గడువు దాటాక ఇచ్చే 30 రోజులు కూడా దాటిపోయాయి. అంతవరకు ఒక్క చెక్కుతో పోయే పని, ఆ తరువాత ఆలస్యానికి వడ్డీ లెక్క కట్టించుకోవడం, ఆరోగ్య వివరాల ఫారం నింపడం, ఆఫీసులో ఎవరికో సంజాయిషీ చెప్పుకోవడం దాకా పెరిగింది. చిన్న పనినే మొదలుపెట్టలేకపోయిన మనిషి ముందు పెద్ద పని వచ్చి కూర్చుంది, దానికి సిగ్గు తోడైంది. నేను అడిగితే ‘కట్టేశాను’ అన్నారు. ఆ ఒక్క మాటతో నన్ను సాయం అడిగే దారి కూడా ఆయనకు మూసుకుపోయింది. ఆపైన వచ్చిన కవర్లన్నీ మంచం కింది ట్రంకుపెట్టెలోకి వెళ్ళాయి. ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టె తెరిస్తే అడుగున పాలసీ నోటీసులు, వాటిమీద జవాబు పత్రాలు దిద్దినందుకు రావలసిన డబ్బు తాలూకు బిల్లులు, అన్నిటికన్నా పైన ఒక శిష్యుడి పెళ్ళి శుభలేఖ, అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. అప్పటికే షుగరు రావడంతో పాలసీని తిరిగి నిలబెట్టుకోవడం కుదరలేదు. ఆ డబ్బును నేనెప్పుడో మరిచిపోయాను. శుభలేఖ కూడా విప్పలేనంత భయంతో ఆయన ఆ పెట్టెమీదే అన్నేళ్ళు పడుకున్నారని తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నిరుడు నువ్వు పరీక్ష ఫీజు గడువు దాటించి, ఎవరికీ చెప్పకుండా నెల తిరిగేదాకా దాచినప్పుడు నేను అంత గట్టిగా అరవడానికి కారణం ఆ పెట్టే. గడువు దాటితే దాటనీ, దాచకు తల్లీ. విప్పలేని కవరైనా, తెరవలేని మెయిలైనా ఫోటో తీసి నాకు పంపు. కింద ఒక్క ముక్క కూడా రాయనక్కరలేదు. ఆదివారం పొద్దున వీడియోకాలు పెట్టుకుందాం. నేను చిక్కుళ్ళు ఒలుచుకుంటాను, నువ్వు నీ కాగితాలు తీసుకో, మాటలు అక్కరలేదు. పక్కన ఒక మనిషి ఊరికే ఉంటే పని కదులుతుందని నీలాంటివారు చాలామంది చెబుతున్నారు, దీన్ని బాడీ డబ్లింగ్ అంటారట. మీ మామయ్య కూడా నేను ఎదురుగా కూర్చొని ఉన్ననాడే పేపర్లు దిద్దేవారు.

గ్యాస్ పొయ్యి ఇప్పుడే వద్దు. పాలు పెట్టి ఫోను తేవడానికి వెళ్ళి గిన్నె మాడ్చిన మనుషులతో నేను చాలాకాలం కాపురం చేశాను. టైమరుతో దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి కొనుక్కో. వండలేని రోజున పెరుగన్నం తిని పడుకో, పస్తు మాత్రం ఉండకు.

నీకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. 2013కు ముందు అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో ఆటిజం ఉన్నవారికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి వీలుండేది కాదు, ఇప్పుడు రాస్తున్నారు. ఆటిజం రోజూ ఒకేలా గడవాలంటుంది, ఏడీహెచ్‌డీ మూడోనాటికే విసుగెత్తిపోతుంది. అందుకే గోడమీది పట్టిక పనిచేయడం మానేస్తే చించి కొత్తది రాసుకో, దానికోసం ఏడవకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఆఫీసులో చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. పనులు నోటితో కాక రాతలో ఇవ్వమని అడగడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు.

చివరగా మందు. నీ ఏడీహెచ్‌డీ మందు మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలో, ఉంది కనుక ప్రతి మందుల షాపులోనూ దొరకదు. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాళ్ళు ఉంచుకుంటారు. మందు అయిపోయాక డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడమంటే, ఆ మందు లేకపోతే చేయలేని పనినే ఆ మందు లేకుండా చేయడం. కాబట్టి డాక్టరుగారి గది దాటకముందే తరువాతి తేదీ రాయించుకో. వెళ్ళేముందే ఏ షాపులో దొరుకుతుందో ఇక్కడి డాక్టరుగారిని అడిగి తెలుసుకో, అడగలేకపోతే నాకు చెప్పు, రేపే వెళ్ళి అడిగివస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య