టెక్ సందేహాలు: ఆ ఫోటో డిలీట్ చేసి ఊరుకుంటే చాలా?

ఈ వారం అన్నీ టీనేజీ పిల్లల ఫోన్ల మీద వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను. మొదటిది అర్జెంటు కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. క్లాస్ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకమ్మాయి ఫోటోని ఏఐ యాప్‌తో అసభ్యంగా మార్చి పెట్టారు. మా వాడే వచ్చి చెప్పాడు, ఎవరికీ పంపలేదంటున్నాడు, కానీ వాడి గ్యాలరీలో ఉంది. డిలీట్ చేసి ఊరుకుంటే చాలా? పోలీసులంటే భయంగా ఉంది. - ఒక తండ్రి, నరసరావుపేట

ఊరుకోవద్దండీ. ముందుగా, ఆ పిల్లాడు మీ దగ్గరకొచ్చి చెప్పాడు చూడండి, అది చాలా పెద్ద విషయం. తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. ఇప్పుడు లాక్కుంటే ఇంకోసారి చెప్పడు.

గ్యాలరీలో ఉందని వాణ్ని అనుమానించనక్కర్లేదు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మనం నొక్కకపోయినా ఫోటో ఫోన్లోకి దిగిపోతుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో ఫోటోలు, వీడియోలకు టిక్కులు తీసేయండి. ప్రైవసీలో గ్రూప్స్ అని ఉంటుంది, అక్కడ మై కాంటాక్ట్స్ పెడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు వాణ్ని గ్రూపుల్లో చేర్చలేరు.

ఇక చట్టం సంగతి. "అది నిజం ఫోటో కాదుగా, ఏఐ చేసిందేగా" అనే మాట చెల్లదు. 2019లో పోక్సో చట్టాన్ని సవరించినప్పుడే కంప్యూటర్‌తో తయారుచేసిన, మార్చిన చిత్రాలను కూడా అందులో చేర్చారు. 18 ఏళ్లలోపు వాళ్ల అసభ్య చిత్రాలు తయారుచేసినా, పంపినా ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా ఉంటాయి. చేసింది పిల్లలైతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. ఇలాంటివి డిలీట్ చేయకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర పెట్టుకోవడం కూడా నేరం కిందికి రావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే భయపడి తాత్సారం చేయడం కన్నా మీరే ముందుగా చెప్పడం మేలు.

ఇవాళే కూర్చుని గ్రూపు పేరు, పంపిన నంబరు, తేదీ, టైము ఒక కాగితం మీద రాసుకోండి. ఫోటోకి స్క్రీన్‌షాట్ తీయకండి, "చూడండి సార్" అని టీచర్‌కి పంపకండి. మంచి ఉద్దేశంతో పంపినా ఇంకో కాపీ పుట్టినట్టే. ఆ మెసేజ్‌ని నొక్కిపట్టి వాట్సాప్‌కి రిపోర్ట్ చేయండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగం వేరే ఉంది, అక్కడ మీ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉండనే ఉంది. హెడ్మాస్టర్‌కి నోటితో చెప్పండి. ఫిర్యాదు ఇచ్చాక గ్యాలరీలోంచి తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో డిలీట్ చేశాక కూడా 60 రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఆ అమ్మాయి అమ్మానాన్నలకు ఫోన్లో కాకుండా ఇంటికెళ్లి చెప్పండి. వాళ్లకి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సర్వీసు గురించి కూడా చెప్పండి. 18 ఏళ్లలోపు వాళ్ల కోసం అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడుపుతోంది. ఇందులో ఫోటోని ఎక్కడికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు, ఫోన్లోనే దాని నుంచి హ్యాష్ అనే ఒక గుర్తు తయారవుతుంది, ఆ గుర్తుతోనే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి అదే ఫోటోని పట్టుకుని ఆపగలవు. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్ట్ అయిన చాట్లలో, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేని చాట్లలో మాత్రం ఇది పనిచేయదు.

మీ వాడితో కూడా ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. నేను పంపలేదు కాబట్టి నా తప్పేం లేదు అనుకుని ఉంటాడు, ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ అమ్మాయి రేపు పొద్దున బ్యాగ్ తగిలించుకుని అదే క్లాసులోకి రావాలి, నవ్వే ఎమోజీలు పెట్టినవాళ్ల మధ్యే కూర్చోవాలి. "తీసేయ్‌రా ఇది" అని గ్రూపులో ఒక్కడు అనడానికీ ఎవరూ అనకపోవడానికీ ఆ పిల్లకి చాలా తేడా ఉంటుంది. అందరి ముందు అనే ధైర్యం లేకపోతే ఫర్వాలేదు, టీచర్‌కి చెప్పొచ్చు, ఇప్పుడు మీకు చెప్పినట్టే.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. తనకి తెలియకుండా మెసేజ్‌లన్నీ మా ఫోన్లో కనిపించే యాప్ ఏదైనా చెప్పండి. - ఒక తల్లి, కరీంనగర్

చెప్పనండీ. మీ టెన్షన్ అర్థమవుతోంది, కానీ అలాంటి యాప్ వేయాలంటే మామూలుగా ముందు ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలా) ఆపమంటుంది, తర్వాత యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది, అది ఇచ్చేస్తే స్క్రీన్ మీద కనిపించేదంతా, ఓటీపీలతో సహా, ఎవరిదో సర్వర్‌కి చేరిపోతుంది. పైగా మీ అమ్మాయిని నమ్మి తన బాధ రాసుకున్న స్నేహితురాలి మెసేజ్‌లు కూడా మీరు చదువుతారు, ఆ పిల్ల మీకు ఒప్పుకోలేదు కదా.

దాని బదులు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి, తనని పక్కన కూర్చోబెట్టుకునే పెట్టండి. ఏ యాప్ ఎంతసేపు వాడిందో, ఏ యాప్ వేయాలనుకుంటోందో తెలుస్తుంది, రాత్రి ఫోన్ ఆగిపోయే టైము పెట్టొచ్చు. మెసేజ్‌లు మాత్రం కనిపించవు, కనిపించకూడదు కూడా. ఇన్‌స్టాలో అసలు పుట్టినతేదీ ఇస్తే టీన్ అకౌంట్ అవుతుంది, మన దేశంలో 2025 నుంచి ఉంది. 16 ఏళ్లు నిండేదాకా అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే సెట్టింగ్స్ సడలించగలరు. రాత్రి టైము మాత్రం మీరు కూడా పాటించండి, లేకపోతే పిల్లలు వినరు.

ప్రశ్న: మా తమ్ముడు గేమ్ ఫ్రీగా వస్తుందని నాన్న ఫోన్లో మాడ్ ఏపీకే వేశాడు. ప్రమాదమా? - డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మాడ్ ఏపీకే అంటే అసలు యాప్‌ని ఎవరో మార్చి ప్లే స్టోర్ బయట పెట్టింది. నాన్నగారి ఫోన్లో ఫోన్‌పే, బ్యాంక్ యాప్ ఉంటే ప్రమాదమేనమ్మా. ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇచ్చి ఉంటే ఓటీపీలు బయటికి వెళ్లొచ్చు. ముందు నెట్ ఆపేయండి, యాప్ తీసేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా చూసుకోండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ వెతికి అన్నిటికీ ఆఫ్ చేయండి. మనం గేమ్‌కి కట్టే డబ్బే దాన్ని తయారుచేసినవాళ్లకి జీతమని కూడా తమ్ముడికి చెప్పు, వింటాడు.

ప్రశ్న: సోషల్ ప్రాజెక్టు మా ఊరి చెరువు మీద. చాట్‌జీపీటీ రాసిచ్చింది, అదే ఇచ్చేయొచ్చా? - ఎనిమిదో తరగతి విద్యార్థి, సిద్దిపేట జిల్లా

వద్దు బాబూ. అది రాసింది నువ్వే చదివి చూడు, ఏ ఊరి చెరువుకైనా సరిపోతుంది. మీ చెరువుకి తూములెన్ని, ఆయకట్టు ఎంత, ఏ సంవత్సరం అలుగు పారింది, ఇవి దానికి తెలియవు. అడిగితే అంకెలు కల్పించి నమ్మకంగా చెప్పేస్తుంది కూడా. మీ ఊళ్లో చెరువు నీళ్లు పొలాలకి వదిలే నీరటి ఉంటే ఆయన్ని అడుగు, లేకపోతే మీ తాతని అడుగు. ఫోటో తీసుకునే ముందు "తీసుకోనా?" అని అడుగు.

ఏఐని వాడొద్దని కాదు. "నేను చెరువు మీద ప్రాజెక్టు చేస్తున్నాను, ఊళ్లో పెద్దవాళ్లని ఏం ప్రశ్నలు అడగాలి?" అని అడిగి చూడు, మంచి ప్రశ్నలే ఇస్తుంది. రాసింది నువ్వే, ప్రశ్నలకి ఏఐ సాయం తీసుకున్నావు అని చివరి పేజీలో ఒక వాక్యం రాయి. ఇంకో సంగతి, చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 లోపు వాళ్లకి అమ్మానాన్నల అనుమతి కూడా కావాలి. నీకు ఇంకా 13 నిండకపోతే నాన్న ఫోన్లో, నాన్న పక్కనుండగా అడిగించుకో.