అసలు ఫోటోను ముట్టుకోకుండా బాగుచేయడం ఎలా?

ప్రశ్న: మా స్టూడియోలో ఒకే కంప్యూటరు మీద ఇద్దరం పనిచేస్తాం. నేను భోంచేసి వచ్చేసరికి ఫోటోషాప్‌లో కుడివైపు ఉండే లేయర్స్ ప్యానెల్ ఒకరోజు మాయమవుతుంది, ఇంకోరోజు ఫోటో నడిమధ్యలో ఉంటుంది. రోజూ సర్దుకోవడమే పనైపోయింది. మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ప్యానెళ్ళన్నీ ఒక్కసారిగా మాయమైతే ముందు ట్యాబ్ మీట నొక్కి చూడండి. చెయ్యి తగిలి అది నొక్కుకుపోతే ఎడమవైపు పనిముట్లతో సహా అన్నీ దాక్కుంటాయి. మళ్ళీ నొక్కితే తిరిగి వస్తాయి. లేయర్స్ ప్యానెల్ (ఫోటో మీద ఒకదానిపై ఒకటి పరిచే లేయర్లను, అంటే పొరలను, చూపే పెట్టె) ఒక్కటే కనబడకపోతే ఎఫ్7 చాలు. ఫోటో మీదికి వచ్చేసిన ప్యానెల్‌ను దాని పేరున్న ట్యాబ్ దగ్గర పట్టుకుని కుడి అంచుకు లాగండి. అక్కడ సన్నని నీలిగీత మెరిసినప్పుడే మౌస్ వదలాలి. ముందే వదిలితే అది ఎక్కడ వదిలారో అక్కడే నిలబడుతుంది.

అయితే మీ ఇద్దరి మధ్య సమస్యకు ఇది మందు కాదు. మీకు అలవాటైన పద్ధతిలో అన్నీ సర్దుకుని, విండో మెనూలోని వర్క్‌స్పేస్ (ప్యానెళ్ళ అమరిక)లో న్యూ వర్క్‌స్పేస్ ఎంచుకుని మీ పేరుతో భద్రపరచుకోండి. మీ సహోద్యోగి చేత కూడా అలాగే చేయించండి. ఎవరు కూర్చుంటే వారు తమ పేరు ఎంచుకుంటే సరిపోతుంది. మీ అమరికను ఎవరైనా కదిపితే, ఆ కదిపిన స్థితే ఫోటోషాప్‌కు గుర్తుంటుంది కనుక, అదే మెనూలో మీ పేరు పక్కన రీసెట్ అని ఉన్నదాన్ని నొక్కాలి. ల్యాప్‌టాప్ చిన్నదైతే మిగతా ప్యానెళ్ళను ఐకాన్లుగా ముడిచినా ఫరవాలేదు గానీ, లేయర్స్ ప్యానెల్‌ను మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి. ఎందుకో కింది జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: మా తాతగారి పాత నలుపు తెలుపు ఫోటోను స్కాన్ చేసి, ముఖం మీద పడిన మడత గీతను క్లోన్ స్టాంప్‌తో (ఒకచోటి భాగాన్ని ఉన్నదున్నట్టు మరోచోట అద్దే పనిముట్టుతో) తుడిచాను. ముక్కు ఒక పక్క చెదిరిపోయింది. జేపెగ్‌గా సేవ్ చేసి మూసేశాను, ఇప్పుడు వెనక్కి రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫైలు మూసిన తరువాత హిస్టరీ (చేసిన మార్పుల జాబితా) మిగలదు కాబట్టి ఆ ముక్కు ఇక తిరిగి రాదు, కాగితం ఫోటో మీ దగ్గరే ఉంది కనుక మళ్ళీ స్కాన్ చేయండి. ఇందులో మీరు సిగ్గుపడవలసిందేమీ లేదు. 1990లో ఫోటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది. లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. అంతవరకు అందరూ మీలాగే నేరుగా చిత్రం మీదే చెయ్యి చేసుకున్నవారే.

ఈసారి స్కాన్ మీద ఒక్క గీత కూడా గీయకండి. లేయర్స్ ప్యానెల్ అడుగున ఉన్న కూడిక గుర్తు నొక్కితే పైన ఖాళీ లేయర్ వస్తుంది. దానికి ‘మడత’ అని పేరు పెట్టండి. హీలింగ్ బ్రష్ (చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయేలా మచ్చలు పూడ్చే పనిముట్టు) తీసుకుని, పైన వరుసలో శాంపిల్ అన్నచోట కరెంట్ అండ్ బిలో ఎంచుకోండి. ఆల్ట్ పట్టుకుని చెంప మీద శుభ్రంగా ఉన్నచోట నొక్కి, తరువాత గీత మీద చిన్న చిన్న దెబ్బలుగా వేయండి. మందు కింది ఫోటో నుంచి తీసుకున్నా, పూత మాత్రం పై లేయర్ మీదే పడుతుంది. ముక్కు చెదిరితే ఆ ఒక్క పూతను తుడిచేస్తే చాలు, అడుగున తాతగారు క్షేమంగా ఉంటారు.

మడత గీత జుట్టు అంచునో, పంచె అంచునో దాటేచోట హీలింగ్ బ్రష్ నలుపును తెలుపులోకి కలిపి మసి పూసినట్టు చేస్తుంది. అక్కడ మాత్రం మరో ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్ వాడండి. వెలిసిపోయిన ఫోటోకు కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కింది ఫోటోను మార్చకుండా వెలుగునీడలు సర్దే పొర) వేసి ముదురు చేయవచ్చు. దానివల్ల ముఖం మరీ నల్లబడితే, ఆ లేయర్ పక్కనున్న తెల్లని మాస్క్ మీద నొక్కి, ముఖం ఉన్నంత మేర నల్లని బ్రష్‌తో పూయండి. మాస్క్‌లో నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది, బూడిదరంగు సగం సగం చూపిస్తుంది.

ఒక్క మాట: నుదుటి మీద గీతలన్నీ ఫోటో ముడతలు కావు, కొన్ని వయసువి. వాటిని కూడా చెరిపితే ఆ ముఖం మీ తాతగారిది కాకుండా పోతుంది. పొరపాటున చెరిపారనుకుంటే ఆ లేయర్ ఒపాసిటీ (దట్టం) తగ్గించి చూడండి. ఆల్ట్ పట్టుకుని అడుగు లేయర్ కన్ను గుర్తు నొక్కితే అసలు ఫోటో ఒక్కటే కనబడుతుంది. మధ్యమధ్య అలా పోల్చుకుంటూ పనిచేయండి. పని పూర్తయ్యేదాకా లేయర్లను విడివిడిగా ఉంచే ఫోటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీగానే భద్రపరచండి, జేపెగ్‌లో లేయర్లన్నీ ఒకటైపోతాయి.

ప్రశ్న: ఫోటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఎరేజర్‌తో తుడిస్తే వెనుక ఖాళీని చూపే గళ్ళు రాకుండా తెల్లరంగు పడుతోంది, ఎందుకు?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: మీరు తెరిచినది జేపెగ్ అయి ఉంటుంది, అందులో పారదర్శకత ఉండదు. లేయర్ మెనూలోని ట్రాన్స్‌పరెన్సీలో యాడ్ ఆల్ఫా ఛానెల్ (పారదర్శకతను చేర్చేది) నొక్కి తుడవండి, గళ్ళు వస్తాయి. జింప్‌లో సేవ్ అంటే లేయర్లతో కూడిన ఎక్స్‌సీఎఫ్ ఫైలే. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ వాడాలి.