లేత్ కొన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. లోహపు రాడ్డుని తిప్పి కోసే లేత్, తిరిగే కట్టర్‌తో దిమ్మని చెక్కే మిల్లింగ్ మెషీన్ రెండూ షెడ్డులోకి దిగాయన్న సంతోషం మొదటి రెండు లైన్లకే సరిపోయింది, మిగతాదంతా ఫిర్యాదులే. రాడ్డుని తెగ్గోసే పార్టింగ్ బ్లేడు విరుగుతోంది, రాడ్డు ఒక చివర లావుగా ఇంకో చివర సన్నంగా వస్తోంది, మిల్లింగ్ చేసిన దిమ్మకి మూలమట్టం పెడితే వెలుతురు కనిపిస్తోంది. ఇవన్నీ రాసి, చివర్లో ఏ రకం ఇన్సర్టులు (టూల్ కొసకి బిగించి మార్చుకునే కోత ముక్కలు) కొనాలో చెప్పమన్నావు. ఇన్సర్టుల మాట తర్వాత చూద్దాం. నీ మూడు ఫిర్యాదులకీ మూలం ఒక్కటే: కదలకూడనిది ఏదో కదులుతోంది. జాబ్ (మెషీన్‌లో పట్టిన ముక్క) పక్కకి జరిగిపోతోందో, టూల్ వంగుతోందో, మెషీనే మెలి తిరిగి కూర్చుందో చూడాలి. ఇంట్లో పెట్టుకునే మెషీన్‌కి బరువు తక్కువ, బిగువు తక్కువ. పెద్ద మెషీన్ పట్టించుకోని చిన్న తేడాని కూడా నీది జాబ్ మీద చూపించేస్తుంది.

ముందు నీ ఒంటి సంగతి. చిప్పులు (కోతలో రాలే లోహపు తుంపులు) కాలుతున్నాయని గ్లౌజులు తొడుక్కోవద్దు. కాలితే బొబ్బతో పోతుంది. గ్లౌజు పోగు తిరిగే జాబ్‌కి చిక్కితే చెయ్యి కూడా దాంతోపాటే వెళ్తుంది. ఉంగరం, వాచీ తీసెయ్యి, చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకో, కళ్లకి అద్దాలు లేకుండా స్విచ్చు ముట్టుకోకు. రాడ్డుని పట్టి తిప్పే చక్‌ని బిగించే కీ ఆ చక్‌లో ఉన్నంతసేపూ నీ చెయ్యి దాని మీదే ఉండాలి, కీ బయటికొచ్చాకే చెయ్యి వదలాలి. పొడుగ్గా చుట్టలు చుట్టుకొచ్చే చిప్పుల్ని మెషీన్ ఆపి కొక్కెంతో లాగు. ఎమెరీ గుడ్డని వేళ్లకి చుట్టుకుని తిరిగే రాడ్డు మీద పెట్టకు. పిడి లేని ఆకురాయిని లేత్ దగ్గరికి రానివ్వకు. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మెషీన్ దానంతటది తిరిగితే, తక్కిన పనులన్నీ ఆపి ముందు ఆ స్విచ్చు మార్పించు.

ఇక రాడ్డు. లేత్‌ని టేబుల్ మీద పెట్టి నాలుగు బోల్టులూ బిగించేశానని రాశావు. కుంటి మంచాన్ని నలుగురు నాలుగు మూలలా నొక్కి పట్టుకుంటే ఎలా మెలి తిరుగుతుందో, లేత్ పొడుగునా ఉండే నీ బెడ్డూ అలాగే తిరిగి ఉంటుంది. తెలుసుకోవడానికి 25 నుంచి 30 మిల్లీమీటర్ల రాడ్డు తీసుకో. చక్‌లోంచి ఓ 150 మిల్లీమీటర్లు బయటికి ఉంచు. అవతలి చివరని ఆనించి పట్టే టెయిల్ స్టాక్ ఆసరా ఇవ్వొద్దు. మధ్యభాగం సన్నం చేసి రెండు చివర్లా చెరో పట్టీ వదులు. బాగా పదును పెట్టిన టూల్‌తో, టూల్‌ని రాడ్డు వైపుకీ వెనక్కీ జరిపే క్రాస్ స్లైడ్ కదపకుండా, రెండు పట్టీల మీదా ఒకే పలచటి కట్ తీసి మైక్రోమీటర్‌తో కొలు. బయటి పట్టీ లావుగా ఉంటే టెయిల్ స్టాక్ వైపు, నీకు దగ్గరగా ఉన్న లేత్ కాలు కింద పలచటి షిమ్ము (రేకు ముక్క) వేసి మళ్లీ తియ్యి. సన్నంగా ఉంటే వెనక కాలు కింద వెయ్యి. రెండు పట్టీలూ వందో వంతు మిల్లీమీటరు తేడాలోకి వచ్చేదాకా ఇంతే, ఓపిక పట్టాలి. ఈ పరీక్షలో సరిగ్గా వచ్చి, టెయిల్ స్టాక్ సెంటర్ ఆనించినప్పుడే టేపర్ (ఒక చివర లావు, ఇంకో చివర సన్నం) వస్తుంటే తప్పు టెయిల్ స్టాక్‌ది. అప్పుడు బెడ్డు జోలికి వెళ్లకు.

కొలిచేటప్పుడు జాబ్ వేడిగా ఉండకూడదు. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.03 మిల్లీమీటర్లు లావెక్కుతుంది. వేడి మీద సరిగ్గా సరిపోయిన బుష్ (రంధ్రంలో దూర్చే గొట్టం ముక్క) చల్లారాక వదులు కావడానికి ఆ మాత్రం చాలు.

మూడు జాల (పట్టే దవడల) చక్ గురించి ఒక్క మాట. అది ఎంత మంచిదైనా సెంటర్‌కి కాస్త అటూ ఇటూ పడుతుంది. అందుకని ఒకదానితో ఒకటి కలవాల్సిన వ్యాసాలు, ఫేసు (చివరి ముఖం), బోరు (లోపలి రంధ్రం) అన్నీ జాబ్ విప్పకుండా ఒకే పట్టులో తీసెయ్యి. విప్పి మళ్లీ పట్టాల్సిన పని పడితే ఒక్కో జా విడిగా జరిగే నాలుగు జాల చక్ పెట్టు. చాలామంది దానికి అనవసరంగా భయపడతారు. చిన్న తేడాని ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి ఒక జా దగ్గర ఎంతుందో, ఎదురు జా దగ్గర ఎంతుందో చూడు. తేడాలో సగం జరపాలి, అంతే. ఎత్తుగా ఉన్న వైపు ఎదుటి జా కొంచెం వదులు చేసి, ఈ జా బిగించు. మొదట ఒక జత, తర్వాత రెండో జత. నాలుగైదు జాబ్‌లు పట్టేసరికి చేతికి అలవాటవుతుంది.

పార్టింగ్ దగ్గర బ్లేడు విరగడానికి కారణం బ్లేడు కాదు. నువ్వు పంపిన ఫొటోలో బ్లేడు దాన్ని పట్టే టూల్ పోస్ట్ నుంచి బారెడు బయటికి ఉంది. రాడ్డు వ్యాసంలో సగం, ఆపైన రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. కోసే చోటు చక్ జాలకి దగ్గరగా ఉండాలి. బ్లేడు జాబ్‌కి లంబంగా ఉందో లేదో కంటితో తేల్చకు. డయల్ గేజ్ బ్లేడు పక్క తలానికి ఆనించి క్రాస్ స్లైడ్ తిప్పి చూడు, ముల్లు కదలకూడదు. టూల్ ఎత్తు చూడటానికి సన్నటి స్టీలు స్కేలుని రాడ్డుకీ టూల్ ముక్కుకీ మధ్య మెల్లగా నొక్కి పట్టు. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్టు. పై కొస నీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. తర్వాత బెడ్డు మీద టూల్‌ని మోసుకెళ్లే క్యారేజ్ లాక్ చెయ్యి, టూల్ పోస్ట్ కింద ఉండే కాంపౌండ్ స్లైడ్ గిబ్ స్క్రూలు (స్లైడ్ వదులు తీసే స్క్రూలు) బిగించు. స్పీడు టర్నింగ్ స్పీడులో సగానికి తగ్గించు, నూనె ధారాళంగా పొయ్యి. ఇక లోపలికి తోసేటప్పుడు భయపడి ఆగి ఆగి తోస్తావు చూడు, అక్కడే వస్తుంది చిక్కంతా. ఆగినప్పుడల్లా బ్లేడు కొయ్యదు, రుద్దుతుంది. కీచుమని మొదలై కాసేపటికే విరుగుతుంది. చిప్పు తెగకుండా వస్తుండేలా ఒకే తీరుగా తొయ్యి. పూర్తిగా తెగే కోతకి అవతలి చివర టెయిల్ స్టాక్ సెంటర్ ఆనించకు. తెగిన ముక్క ఇరుక్కుని బ్లేడుని పట్టేస్తుంది.

స్పీడుకి పెద్ద లెక్కేం లేదు. నిమిషానికి ఇన్ని మీటర్లన్న కటింగ్ స్పీడుని 318తో గుణించి, వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానితో భాగించు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీలుకి 25 మీటర్లు అనుకుంటే, 25 మిల్లీమీటర్ల రాడ్డుకి నిమిషానికి 318 చుట్లు. అల్యూమినియానికి దానికి రెండు మూడింతలు పెట్టుకోవచ్చు. జాబ్ మీద అలలు పడి అరుస్తుంటే స్పీడు తగ్గించి ఫీడు (టూల్ ముందుకి సాగే వేగం) కాస్త పెంచు. కొత్తవాళ్లు రెండూ తగ్గిస్తారు, అరుపు ఆగదు.

ఇప్పుడు ఇన్సర్టులు. నా మాట వింటే మొదటి ఏడాది హెచ్‌ఎస్‌ఎస్ టూల్ బిట్లతోనే చెయ్యి, గ్రైండర్ మీద నువ్వే పదును పెట్టుకో. చాలా ఇన్సర్టుల అంచు కొంచెం మొద్దుగా చేసి ఉంటుంది. వాటికి స్పీడు కావాలి, లోతైన కట్ కావాలి, వెనక దిట్టమైన మెషీన్ కావాలి. నీ లేత్ మీద పలచటి కట్‌కి అవి కొయ్యడం మాని రుద్దుతాయి. అల్యూమినియం కోసం చేసే నున్నటి పదునైన ఇన్సర్టులు వేరు, అవి కొన్నా తప్పులేదు.

మిల్లింగ్‌కొస్తే, ముందు దిమ్మని రెండు జాల మధ్య పట్టే వైస్ చూడు. కదలని జాకి డయల్ గేజ్ ఆనించి టేబుల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పు. ముల్లు నిలబడాలి. దిమ్మని నాలుగు వైపులా మట్టం చేసేటప్పుడు బాగున్న ముఖాన్ని కదలని జాకి ఆనించి, కదిలే జాకీ దిమ్మకీ మధ్య ఒక గుండ్రటి రాడ్డు ముక్క పెట్టి బిగించు. అవతలి ముఖం వంకరగా ఉన్నా అది దిమ్మని తిప్పెయ్యకుండా రాడ్డు కాపాడుతుంది. పై ముఖం తీశాక బర్రు (అంచున లేచిన గరుకు) గీకేసి, మొదటి ముఖం కదలని జాకే ఉంచి, కొత్తగా తీసిన ముఖం కిందికి పెట్టి మూడోది తియ్యి. బిగించాక మెత్తటి సుత్తితో తట్టి, కింది ప్యారలల్స్‌ని (దిమ్మ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీల్ని) వేలితో లాగి చూడు. కదిలితే దిమ్మ లేచినట్టే. నువ్వు ఈ బర్రు గీకడం, తట్టడం రెండూ వదిలేశావని నా అనుమానం.

ఎండ్‌మిల్‌ని (మిల్లింగ్ కట్టర్‌ని) డ్రిల్ చక్‌లో పట్టకు. ఆ చక్ కిందికి నొక్కే బలానికి చేసింది, పక్కకి తోసే బలానికి జారిపోతుంది. కట్టర్ కాడని చుట్టూ బిగించి పట్టే కాలెట్‌లోనే పట్టు. కట్టర్ పళ్లు ఏ దిశగా తిరుగుతున్నాయో దానికి ఎదురుగా జాబ్‌ని నడిపించు. పళ్లు పోయే దిక్కుకే నడిపితే స్క్రూలో ఉన్న బ్యాక్‌లాష్ (వదులు) అంతా ఒక్కసారి లాక్కుని టేబుల్ ముందుకి దూకుతుంది, కట్టర్ పోతుంది. జరగక్కర్లేని స్లైడ్లని లాక్ చెయ్యి. డయల్ మీద అంకె దాటిపోతే వెనక్కి ఒక చుట్టు తిప్పి, మళ్లీ ముందు వైపు నుంచే అంకెకి రా.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే మొదట డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండు కొను. తర్వాత నమ్మకమైన 0–25 మిల్లీమీటర్ల మైక్రోమీటర్, ఒక జత ప్యారలల్స్, కాలెట్ సెట్టు. స్లైడ్ల కదలికని అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్ ఇప్పుడే వద్దు. షిమ్ముల పని అయ్యాక పట్టీల కొలతలు రెండూ రాసి పంపు.

మీ మామయ్య