సమాధానం: కథ మధ్యలో తెగిపోయింది, రీప్రింట్‌లో చివరి పేజీలు పోయాయా?

పేజీలు పోయి ఉండకపోవచ్చు. జేమ్స్ డి మిల్ రాసిన ‘ఎ స్ట్రేంజ్ మాన్యుస్క్రిప్ట్ ఫౌండ్ ఇన్ ఎ కాపర్ సిలిండర్’ నవల ముగిసేదే అలా. అందులో ఓడలో ఉన్న నలుగురు తమకు దొరికిన ఒక రాతప్రతిని, అంటే అంటార్కిటికా కథను, చదువుకుంటారు. చివర్లో చదువుతున్న ఫెదర్‌స్టోన్, ఆ నలుగురిలో ఒకడు, ఆవులించి, రాతప్రతి కింద పెట్టి, ఇవాళ్టికి చాలు, భోజనం వేళయింది అంటాడు. అంతే, పుస్తకం అయిపోతుంది. రచయిత 1880లో చనిపోయారు, నవల 1888లో వచ్చింది. కావాలనే అలా ఆపారా, పూర్తి చేయలేకపోయారా అన్న చర్చ ఇంకా ఉంది. నాకైతే ఆ ముగింపే ఇష్టం.

తిరిగి పంపేముందు ఇలా చూడండి:

1. పేజీల సంఖ్య పోల్చకండి. అందరూ పొరపడేది ఇక్కడే. అక్షరాల సైజు మారితే పేజీలూ మారతాయి. అధ్యాయాలు లెక్కపెట్టండి, 31 ఉండాలి. విషయసూచికలో కాదు, లోపల ఒక్కో శీర్షికా తిప్పి చూడండి.

2. 7, 17 లాంటి అధ్యాయాల్లో అంటార్కిటికా కథ ఆగి, ఓడలో నలుగురి వాదన వస్తుంది. అది అచ్చుతప్పు కాదు.

3. ఏదైనా అధ్యాయం నిజంగా లేకపోతే పాత పుస్తకాలు ఉచితంగా ఉంచే వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో చదవండి. తెగిన చోట ఎదురెదురు పేజీలు ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపి, వేరే కాపీ అడగండి.