టెక్ సందేహాలు: గ్రామసభ మినిట్స్ ఏఐ రాస్తే నమ్మొచ్చా?

ప్రశ్న: ఈమధ్యే వార్డు సభ్యురాలిగా గెలిచాను. గ్రామసభను రికార్డు చేసి అప్‌లోడ్ చేస్తే మినిట్స్ (సభలో ఎవరేమన్నారో, ఏం తీర్మానించారో రాసే నమోదు) ఏఐ రాసిపెడుతుందని మా కార్యదర్శి గారు అంటున్నారు. మేం మాట్లాడేది ఒకటి, అది రాసేది ఇంకొకటి అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది.
– వార్డు సభ్యురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ కార్యదర్శి గారు చెప్పింది ‘సభాసార్’ గురించే అయి ఉంటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చింది. పంచాయతీల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్ లాగిన్‌తో ఆడియో గానీ వీడియో గానీ ఎక్కిస్తే, ముందు మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది, తర్వాత కుదించి మినిట్స్‌గా ఇస్తుంది. భాషల పని కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక ‘భాషిణి’ చూసుకుంటుంది. తెలుగు కూడా ఉంది.

తప్పులు దొర్లేది రెండు చోట్ల. మొదటిది వినడంలో. సభలో నలుగురు ఒకేసారి మాట్లాడతారు, మైకు గరగరలాడుతుంది. ఇంటిపేర్లు, వీధుల పేర్లు, సర్వే నంబర్లు అక్కడే తారుమారవుతాయి. రెండోది కుదించడంలో. నాకు ఎక్కువ దిగులు దీని గురించే. పావుగంట సాగిన ప్రసంగం సారాంశంలో పెద్దగా కనిపిస్తుంది. వెనక నుంచి ఒకావిడ లేచి ‘మా వాడకట్టుకు నీళ్లు రావట్లే’ అని ఒక్క ముక్క అని కూర్చుంటే, అది జారిపోవచ్చు. ఆవిడ పని మానుకుని సభకు వచ్చింది ఆ ముక్క చెప్పడానికే కదండీ!

అలాగని ఈ టూల్ వద్దనను. జ్ఞాపకం మీద రాసిన మినిట్స్‌లోనూ మాటలు పోతాయి. ఇక్కడ కనీసం రికార్డింగ్ ఉంటుంది, సరిచూసుకోవచ్చు. అందుకే మినిట్స్ రాగానే రికార్డింగ్‌ను చెరిపేయొద్దని ముందే అడగండి.

రికార్డు చేసే ఫోన్‌ను మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టించండి. ప్రతి ఒక్కరూ పేరు, వార్డు చెప్పి మొదలుపెడితే ఏ మాట ఎవరిదో తేలుతుంది. తీర్మానం అయ్యాక పని, చోటు, డబ్బు ఎంతో అధ్యక్షత వహించినవారు ఒకసారి నిదానంగా చదవాలి. ఒకే గొంతు స్పష్టంగా వినిపిస్తే పొరపాట్లు బాగా తగ్గుతాయి. మీరు మాత్రం ఎవరు ఏమడిగారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సంతకం పెట్టేముందు డ్రాఫ్ట్‌ను దాంతో పోల్చి, లేనివి చేర్పించండి.

ప్రశ్న: ‘మన మిత్ర’ పేరుతో మా వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైలు (ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైలు) తిరుగుతోంది. ఇన్‌స్టాల్ చేస్తేనే సర్టిఫికెట్లు వస్తాయట. చేయొచ్చా?
– ఏలూరు పాఠకుడు

జవాబు: వద్దండీ, ముట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్‌లోనే పనిచేస్తుంది. 95523 00009 నంబరు సేవ్ చేసుకుని ‘హాయ్’ అని పెడితే చాలు, విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. ఇలా గ్రూపుల్లో తిరిగే ఏపీకేలు మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు లాగేసుకుంటాయి.

గ్రూపులో ఎవరైనా ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేయమనండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.