మూడుసార్లు వెనక్కి వచ్చిన కోడ్: ఓపెన్ సోర్స్ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. పాండాస్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చదివి, దిద్ది పంపగల) పైథాన్ లైబ్రరీకి ఒక చిన్న దిద్దుబాటు పంపితే, స్టైల్ సరిగా లేదని, టెస్టులు లేవని మూడుసార్లు వెనక్కి పంపారు. వాడికి కోడింగ్ రాదనుకోవాలా? ఇది మాన్పించి అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో చేర్చమంటారా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అబ్బాయి కోడ్‌ను ఎవరూ తిరస్కరించలేదు. అక్కర్లేదనుకున్న పుల్ రిక్వెస్టును (మార్పును చేర్చమని పంపే అభ్యర్థనను) మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును చూసుకునేవారు, మూసివేస్తారు. మార్పులు సూచించి తెరిచి ఉంచారంటే, తమ సమయం వెచ్చించి మీవాడి పనిని చదివి దిద్దిపెడుతున్నారన్నమాట. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. అన్నింటి వెనకా ఉన్నది, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల నాటికి మనవాడు వెనకబడతాడేమోనన్న భయమే.

స్టైల్ సంగతి చిన్నది. పైథాన్ కోడ్ ఎలా రాయాలో చెప్పే 2001 నాటి పెప్ 8 నియమావళి వరుసకు 79 అక్షరాలంటుంది, పాండాస్ 88 దాకా ఒప్పుకుంటుంది. ఎందరో చేయి వేసే కోడ్ ఒకే చేతిరాతలా కనిపించాలన్నదే ఉద్దేశం కనుక, ఏ అంకె సరైనదన్న వాదన అనవసరం. కోడ్‌ను భద్రపరిచే ముందే తనిఖీలు నడిపే ప్రీ-కమిట్‌ను ఒకసారి అమర్చుకుంటే, వాడని ఇంపోర్టులను, అస్తవ్యస్తమైన వరుసలను రఫ్ అనే పరికరం పట్టుకుని చాలావరకు తానే సరిచేస్తుంది.

అసలు చదువు టెస్టుల దగ్గర, అంటే కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాముల దగ్గరుంది. బగ్‌ను (కోడ్‌లోని తప్పును) సరిచేస్తే సరిపోదు, పాత కోడ్ మీద విఫలమై కొత్త కోడ్ మీద నెగ్గే టెస్టు కూడా రాయాలి. లేకపోతే రేపు మరొకరు తెలియక అదే బగ్‌ను తిరిగి తెస్తారు. పాండాస్‌లో ఆ టెస్టులో ఇష్యూ సంఖ్యను (ఆ బగ్ ఫిర్యాదు నమోదైన సంఖ్యను) కామెంటుగా రాస్తారు, వచ్చినదానికి ‘రిజల్ట్’ అని, రావలసినదానికి ‘ఎక్స్‌పెక్టెడ్’ అని పేరు పెడతారు, రెండింటినీ ‘అసర్ట్ ఫ్రేమ్ ఈక్వల్’ అనే ఫంక్షన్‌తో పోలుస్తారు. మామూలు సమాన గుర్తులు ఇక్కడ పనికిరావు. ఖాళీ విలువైన ‘నాన్’ తనతో తానే సమానం కాదు. పైగా పూర్ణాంకాల కాలమ్ దశాంశాలుగా మారిపోయినా ఆ గుర్తులకు తేడా తెలియదు.

అయ్యా, ఆ రివ్యూలో ఏం రాశారో ఒక్కసారైనా అబ్బాయిని కూర్చోబెట్టుకుని అడిగారా? ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో మాత్రం లెక్కపెట్టారు. రేపు ఉద్యోగంలో సీనియర్లు చేసేదీ ఇదే, అప్పుడు కూడా కంపెనీ మాన్పిస్తారా?

అయితే ఓపెన్ సోర్స్ మోజు మీద నాకూ అనుమానాలున్నాయి. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే అక్టోబరు నెల ఓపెన్ సోర్స్ పోటీలో టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పత్రంలో) ఒకటి రెండు మాటలు మార్చి పంపినవారి తాకిడికి, నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేయవలసి వచ్చింది. 2024లో ఒక వీడియో పాఠం చూసినవారు ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమంటూ వెల్లువెత్తారు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో, ఏ రోజు పని చేశారో చూపే పచ్చగళ్లు నింపడానికి, రెజ్యూమేలో ఒక వరుస కోసం చేసే ఆ పని ఎవరికీ ఉపయోగపడదు. మీవాడు ఆ కోవకు చెందినట్లు లేదు. అలాంటివాడే అయి ఉంటే మొదటి రివ్యూకే వదిలేసేవాడు.

ఇక అమీర్‌పేట కోర్సులో జావా, రియాక్ట్ చేతికి వస్తాయి, ఇతరులు రాసిన పెద్ద కోడ్‌ను చదివి దిద్దే అభ్యాసం మాత్రం అరుదు. మొదటి ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష దాటాలి కనుక, రోజూ ఒక గంట ఆల్గారిథమ్ లెక్కలకు, వారాంతం పాండాస్‌కు కేటాయించమనండి. కోర్సు సంగతి నాలుగో సంవత్సరం ముందు సెలవుల్లో చూసుకోవచ్చు, అదీ వాడే అడిగితే.